సర్టిఫికెట్ లేని దీవిలో చిన్న బడి

పాత 20 రూపాయల నోటు గుర్తుందా? వెనకవైపు కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌస్, వాటి వెనక పచ్చటి కొండ. ఆ కొండ అండమాన్‌లోని మౌంట్ హ్యారియెట్. 2021లో దాని పేరును మౌంట్ మణిపూర్ అని మార్చారు. ఆ కొండ దిగువన, సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఊరు బాంబూఫ్లాట్. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లో, చాథమ్ జెట్టీ దగ్గర ఫెర్రీ ఎక్కితే కొద్దిసేపట్లో అక్కడ దిగుతాం. 2011 జనగణన నాటికి ఆ ఊరి జనాభా 8 వేలకు దగ్గర. ఆ నోటు కోట్లమంది చేతులు మారింది. ఆ కొండ కింద బడికి వెళ్లే పిల్లల చేతికి ఒక కథల పుస్తకమైనా అందుతోందా అని అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

చిన్న బడిలో కళలు, కంప్యూటరు, గ్రంథాలయం అనగానే మన విద్యావేత్తలు కూడా వాటిని 'సహపాఠ్య కార్యక్రమాలు' అని ఒక పక్కన పెట్టేస్తారు. భాష, లెక్కలు, సైన్సు అయ్యాక టైముంటే చేయించేవి అన్నమాట. టీచరు సెలవు పెట్టిన రోజు డ్రాయింగు, ఇన్‌స్పెక్షన్ రోజు లైబ్రరీ, ఆగస్టు 15న పాట. ఈ వ్యాసం చెప్పదలుచుకున్నది ఒక్కటే. బాంబూఫ్లాట్ లాంటి చోట, దళిత, ఆదివాసీ మూలాలున్న కుటుంబాల పిల్లలకు ఈ మూడూ అదనపు సౌకర్యాలు కావు. రాజ్యాంగం ఇచ్చిన మిగతా ఆసరాలు సముద్రం దాటి రాని చోట, రాగలిగిన కొద్ది ఆసరాల్లో ఇవి ముఖ్యమైనవి.

ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ దీవుల్లో ఎవరున్నారో చూడాలి. 1858 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం అక్కడికి ఖైదీలను తరలించింది. 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ ఆదివాసులను అడవి పనులకు తీసుకెళ్లింది. ఉరావ్, ముండా, ఖడియా తెగలకు చెందిన వాళ్లందరినీ అక్కడ కలిపి 'రాంచీలు' అని పిలుస్తారు. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత మాప్పిళ్లలను పంపింది. దక్షిణ అండమాన్‌లో మంజేరి, కాలికట్, మన్నార్‌ఘాట్ అనే ఊళ్లు ఇవాళ్టికీ ఉన్నాయి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. పని వెతుక్కుంటూ తమిళులు వచ్చారు, తెలుగువాళ్లు వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకు, ఓడరేవు పనులకు, కట్టడాల కూలికి వెళ్లినవాళ్లు అక్కడే స్థిరపడ్డారు. 2011 జనగణనలో ఆ కేంద్రపాలిత ప్రాంతం మొత్తం జనాభా 3.8 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 13 శాతం.

ఇప్పుడు అదే జనగణనలో షెడ్యూల్డ్ కులాల గడి చూడండి. సున్నా. అక్కడ దళితులు లేరని దీని అర్థం కాదు. అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డ్ కులాల జాబితానే ప్రకటించలేదు. జాబితా లేని చోట లెక్క ఉండదు, లెక్క లేని చోట వాటా ఉండదు. 1959 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఉన్నవి ఆరు: అండమానీలు, జారవాలు, నికోబారీలు, ఓంగేలు, సెంటినలీలు, షోంపెన్‌లు. ఆ దీవుల మూలవాసులుగా వాళ్ల హక్కు వాళ్లది, అందులో తగాదా లేదు. కానీ నూరేళ్ల కిందట ఓడలో తెచ్చిన ఉరావ్, ముండాల పేర్లు ఆ జాబితాలో లేవు. ఝార్ఖండ్‌లో ఆదివాసి అయిన మనిషి అండమాన్‌లో ఆదివాసి కాదు. శ్రీకాకుళంలో మాల, మాదిగ, రెల్లి అయిన మనిషి ఆ దీవి కాగితాల్లో ఏమీ కాడు.

సముద్రం దాటితే కులం పోతుందని ఒకప్పుడు భయపడింది ఎవరు? పోగొట్టుకోవడానికి కులంలో లాభం ఉన్నవాళ్లు. 'కాలాపానీ' అన్న మాటలోని భయం వాళ్లదే. ఆ భయాన్నే తిరగేసి, అండమాన్‌లో కులం లేదు, అదొక 'చిన్న భారతదేశం' అని గర్వంగా చెప్పుకునే మాట ఇప్పుడు వాడుకలో ఉంది. దళితుడి విషయంలో జరిగింది వేరు. సముద్రం దాటితే కులం పోలేదు, రిజర్వేషన్ పోయింది.

చట్టం ఏమంటోందో విద్యార్థులకు తెలిసిందే అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. 1990లో మర్రి చంద్రశేఖర్ రావు కేసులో, 2018లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులమైనంత మాత్రాన, వలస వెళ్లిన మరో రాష్ట్రంలో ఆ రాష్ట్రపు రిజర్వేషన్ దొరకదు. తండ్రి సొంత రాష్ట్రపు సర్టిఫికెట్ ఆధారంగా పిల్లలకు సర్టిఫికెట్ ఇవ్వవచ్చని కేంద్ర ప్రభుత్వ ఆదేశాలున్నాయి. కాగితం మీద దారి ఉంది. కానీ తాత ఏ ఓడలో వచ్చాడో కూడా సరిగా గుర్తులేని మూడో తరం కుటుంబం, ఏ మండలంలో, ఏ రిజిస్టర్‌లో తన పేరు వెతుక్కుంటుంది? ఒకవేళ దొరికినా, తాను పుట్టి పెరిగిన దీవిలో అది చెల్లదు.

అలాంటి పిల్లకు స్థానికంగా దక్కేది ఏమిటి? 21ఎ అధికరణం. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య. దీనికి కుల సర్టిఫికెట్ అక్కర్లేదు, తాత ఊరి రుజువు అక్కర్లేదు. అందుకే బాంబూఫ్లాట్‌లో ప్రభుత్వ బడి నాణ్యత అనేది కేవలం విద్యాశాఖ వ్యవహారం కాదు, సామాజిక న్యాయం ప్రశ్న. అండమాన్ నికోబార్ అక్షరాస్యత 2011కే 86 శాతం దాటింది. పిల్లలు బడిలో చేరుతున్నారా అన్నది ఇవాళ్టి ప్రశ్న కాదు. చేరిన బడిలో ఏం దొరుకుతోంది అన్నది ప్రశ్న.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో విద్యా గ్రాంట్ల మీద మాట్లాడుతూ, ప్రాథమిక బడిలో చేరిన ప్రతి వంద మంది పిల్లల్లో నాలుగో తరగతికి చేరేది 18 మందేనని లెక్క చూపించారు. అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి చెప్పారు. ప్రాథమిక విద్య లక్ష్యం పిల్లవాడికి అక్షరాలు నేర్పించి పంపించడం కాదు, జీవితాంతం అక్షరాస్యుడిగా మిగిలేలా చేయడం. ఈ రెండో సగాన్ని మన విద్యా విధానం ఎప్పుడూ పట్టించుకోలేదు. నేర్చుకున్న అక్షరం నిలవాలంటే చదవడానికి పుస్తకం కావాలి, చెప్పడానికి బొమ్మో పాటో కావాలి, పది మందికి చేరవేయడానికి యంత్రం కావాలి. గ్రంథాలయం, కళ, సాంకేతికత అంటే ఇవే.

ముందు గ్రంథాలయం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి. అందులో వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు ఉండాలి. ఇక్కడ పిల్లల సంఖ్య షరతు లేదు. సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు పెట్టారు. అన్నిటికంటే చిన్న బడికి అన్నిటికంటే చిన్న మొత్తం. అయినా ఆ డబ్బుతో పుస్తకాలు వస్తాయి. వచ్చాక ఏమవుతాయో ప్రభుత్వ బడుల్లో చదివిన మనలో చాలామందికి తెలుసు. హెడ్మాస్టర్ గదిలో ఇనుప బీరువా, దానికి తాళం.

ఆ తాళానికి టీచర్లను తిట్టి ప్రయోజనం లేదు. పుస్తకం స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న ఆస్తి. పోతే, చిరిగితే, తడిస్తే లెక్క చెప్పాల్సింది టీచరు. కాబట్టి పిల్లల చేతికి ఇవ్వకపోవడమే ఆయనకు క్షేమం. పైగా అండమాన్‌లో రెండు రుతుపవనాల వానలూ పడతాయి, ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు. మూసిన బీరువాలో పుస్తకం బూజు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. చేతులు మారే పుస్తకం చిరుగుతుంది, బీరువాలో ఉన్నది కుళ్లుతుంది. చిరిగిన పుస్తకం చదివిన పుస్తకమని ఒప్పుకుని, ఏటా కొంత శాతం పుస్తకాలను టీచరు మీద భారం లేకుండా రిజిస్టర్ నుంచి కొట్టేసే నియమం పెట్టాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు, ఒక ఉత్తర్వు చాలు.

నీటి మీద పుస్తకం నడిపించడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవ గ్రంథాలయం నడిపారు. కాలువ గట్టు ఊళ్ల వాళ్లు పడవ కోసం ఎదురుచూసి పుస్తకాలు మార్చుకునేవాళ్లు. రోజూ ఫెర్రీలు తిరిగే చాథమ్, బాంబూఫ్లాట్ మధ్య ఒక పుస్తకాల పెట్టె తిరగడం అసాధ్యమా? ఒక బడిలో తెలుగు కథలు, మరో బడిలో తమిళం, ఇంకో బడిలో బెంగాలీ. నెలకొకసారి పెట్టెలు మారితే, 5 వేల రూపాయల గ్రాంటున్న బడి కూడా పెద్ద గ్రంథాలయానికి వారసురాలవుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు ఉన్న పిల్లకు మాతృభాషలో చదివే పుస్తకం ఒక్కటైనా దొరకాలి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించమని 1956లో చేర్చిన 350ఎ అధికరణం చెప్పింది భాషా అల్పసంఖ్యాకుల కోసమే.

ఇక కళలు. విద్యాహక్కు చట్టం షెడ్యూలును మళ్లీ తెరవండి. కళా విద్యకు, వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని ఉంది. కానీ 6 నుంచి 8 తరగతులకే. అదీ పిల్లలు 100 మంది దాటితేనే. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఆ ప్రస్తావనే లేదు. అంటే 60 మంది పిల్లలున్న బడిలో బొమ్మ గీయాలనుకున్న పాపకు చట్టం చెప్పే సమాధానం ఇది: నీ పక్కన ఇంకో 40 మందికి పైగా చేరితే అప్పుడు చూద్దాం. చట్టం చదువు హక్కును ఒక్కొక్క బిడ్డకు ఇచ్చింది, కళను మాత్రం గుంపుకు ఇచ్చింది. దీవుల్లో, కొండల్లో, తండాల్లో, పల్లెల చివర వాడల్లో బడులు చిన్నవిగానే ఉంటాయి. అక్కడ ఉండేది ఎవరి పిల్లలో వేరే చెప్పక్కర్లేదు.

కళ అన్నప్పుడు ఏ కళ అన్నది కూడా అడగాలి. బడి వేదిక మీద సరస్వతి ప్రార్థన సంస్కృతి అవుతుంది, డప్పు చప్పుడు అవుతుంది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాల వెంట తప్పెటగుళ్లు, జాలరి పాటలు, కోతల పాటలు వెళ్లాయి. ఛోటానాగ్‌పూర్ కుటుంబాల వెంట మాందర్ వెళ్లింది. ఇవి బడిలోకి వస్తే తన ఇంట్లో ఉన్నది కూడా విద్యేనని బిడ్డకు తెలుస్తుంది. 1906లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు, వాడల్లో జనాన్ని పోగుచేయడానికి వాడుకున్నది హరికథలనే. మనకు కళ ఎప్పుడూ తీరిక వేళ పని కాదు. చదువు, సంఘటన మొదలైందే అక్కడ.

ఆ పిల్లల చేతుల్లో పెట్టగలిగిన పుస్తకాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. 2011లో వచ్చిన 'భీమాయన' అంబేద్కర్ బాల్యం నుంచి ఎదుర్కొన్న అంటరానితనాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలతో చెబుతుంది. నీళ్లు తాగనివ్వని బడి కథను ఆదివాసీ చేతి గీతల్లో చూసిన పిల్ల, కళ అంటే ఏమిటో, చరిత్ర అంటే ఏమిటో ఒకేసారి నేర్చుకుంటుంది. కంచ ఐలయ్య పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' కుండ చేయడం, తోలు పని, బట్టలు ఉతకడం, సేద్యం అన్నీ విజ్ఞానమేనని చూపిస్తుంది. కళ, సాంకేతికత, గ్రంథాలయం వేర్వేరు పీరియడ్లు కావని చెప్పే పుస్తకం అది. తోలు నానబెట్టడం రసాయనశాస్త్రం, వల అల్లడం జ్యామితి.

సాంకేతికత దగ్గర దీవుల కథ మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో బడులు మూతపడి, చదువు ఫోన్లలోకి మారింది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ, మరో ఏడు దీవులకూ సముద్రం అడుగున వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను ప్రారంభించింది ఆ ఏడాది ఆగస్టు 10న. అప్పటిదాకా దీవులు ఆధారపడింది ఉపగ్రహ లింకుల మీద. 1,224 కోట్ల రూపాయల ఆ కేబుల్ సముద్రం దాటి వచ్చింది. అక్కడి నుంచి చిన్న బడి గది దాకా రావడం వేరే ప్రయాణం. సమగ్ర శిక్ష కింద కంప్యూటర్ల పథకం 6 నుంచి 12 తరగతులకు. అటల్ టింకరింగ్ ల్యాబ్ కూడా 6వ తరగతి నుంచే. దానికి దీవుల్లో సడలించి కూడా వెయ్యి చదరపు అడుగుల జాగా అడిగారు. ఐదో తరగతి వరకే ఉన్న బడికి రెండు తలుపులూ మూసే ఉన్నాయి. పైతరగతులకు, పెద్ద బడులకు ముందు ఇస్తే కిందికి అదే దిగుతుందన్న వాదనను 1882లోనే జోతీరావ్ ఫూలే హంటర్ కమిషన్ ముందు తిప్పికొట్టారు. మనం ఇంకా ఆ వాదన దగ్గరే ఉన్నాం.

చిన్న బడికి ల్యాబ్ అక్కర్లేదు. శబ్దం రికార్డు చేసే ఒక పరికరం, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు చాలు. అవి వీడియో పాఠాలు చూడడానికి కాకుండా, పిల్లలు తమవి తయారు చేయడానికి ఉండాలి. నాయనమ్మ ఏ ఓడలో వచ్చింది, ఎందుకు వచ్చింది, వచ్చాక మొదట ఏం పని చేసింది అన్నది పిల్ల రికార్డు చేస్తుంది. విని తెలుగులో రాస్తుంది. పక్కన బొమ్మ గీస్తుంది. ప్రింటు తీసి కుట్టి గ్రంథాలయంలో పెడుతుంది. మూడూ ఒక్క పనిలో నడుస్తాయి. రెండేళ్లలో ఆ బీరువాలో ఏ ప్రచురణ సంస్థా వేయని పుస్తకాలు ఉంటాయి. జనగణన సున్నా రాసిన చోట ఒక చరిత్ర రాయబడుతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఏ బిడ్డనూ తరగతి ముందు కులం చెప్పమని అడగకూడదు. ఏది చెప్పాలో, ఏది దాచుకోవాలో బిడ్డ, ఆ కుటుంబం నిర్ణయించుకోవాలి.

ఇది అతి ఆశ అనిపిస్తే ముక్తా సాల్వేను గుర్తు చేసుకోండి. ఫూలే దంపతుల బడిలో చదివిన పద్నాలుగేళ్ల మాంగ్ బాలిక, మాంగ్, మహార్‌ల దుఃఖం గురించి రాసిన వ్యాసం 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. ఆ బడి చాలా చిన్నది. ఆ వ్యాసాన్ని మనం ఇవాళ్టికీ చదువుకుంటున్నాం.

దీనికి వచ్చే అభ్యంతరం తెలిసిందే. పాతికమంది పిల్లలకు ఆర్ట్ టీచరా? తలసరి ఖర్చు ఎంత? 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ లెక్కతోనే మొదలుపెడుతుంది. 2016-17 నాటికి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో 28 శాతం, ప్రాథమికోన్నత బడుల్లో 14.8 శాతం 30 మంది కంటే తక్కువ పిల్లలతో ఉన్నాయని చెప్పి, కొన్ని బడులను ఒక సముదాయంగా కలిపి గ్రంథాలయం, కళల టీచర్లు ఉమ్మడిగా వాడుకోమంటుంది. ఉమ్మడిగా వాడుకోవడంలో తప్పు లేదు. అది ఏ దిక్కున నడుస్తుందన్నదే ప్రశ్న. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించినప్పుడు నడిచింది పిల్లలు. దీవుల్లో అదే చేస్తే ఎనిమిదేళ్ల పిల్ల పడవ ఎక్కాలి. ఫెర్రీ ఎక్కాల్సింది పిల్ల కాదు, టీచరూ పుస్తకాల పెట్టే. ఒక కళల టీచరు వారంలో ఐదు చిన్న బడులు తిరిగితే ఐదు జీతాలు అవసరం లేదు.

ఇక తలసరి ఖర్చు మాటకు సమాధానం 1927 నాటి అదే ప్రసంగంలో ఉంది. అందరినీ సమాన స్థాయికి తేవాలంటే కింద ఉన్నవాళ్లకు ఎక్కువ ఇవ్వక తప్పదని అంబేద్కర్ వాదించారు. చిన్న బడిలో తలకు ఖర్చు ఎక్కువ అవుతుంది. అవ్వాలి.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. కళల బోధకులకు 100 మంది పిల్లల షరతును దీవులకు, కొండ ప్రాంతాలకు, వాడల బడులకు ఎత్తివేయాలి, ఒకటో తరగతి నుంచే వర్తింపజేయాలి. రోజుకొక గ్రంథాలయ పీరియడ్ టైమ్‌టేబుల్‌లో ఉండాలి, తాళం పిల్లల కమిటీ దగ్గర ఉండాలి. కంప్యూటర్ల పథకాన్ని ప్రాథమిక తరగతులకు దించాలి. వీటన్నిటి వెనక ఉన్న అసలు ప్రశ్నను వదలకూడదు: అండమాన్ నికోబార్‌లో స్థిరపడిన దళిత, ఆదివాసీ కుటుంబాల లెక్క తీయాలి, వాళ్ల గుర్తింపు గురించి పార్లమెంటు మాట్లాడాలి. బడి ఆ న్యాయానికి బదులు కాదు. ఆ న్యాయాన్ని అడగగల తరాన్ని తయారుచేసే చోటు మాత్రం బడే. విశాఖ, శ్రీకాకుళం విశ్వవిద్యాలయాల్లో వలసల మీద పరిశోధన చేస్తున్న మిత్రులకు ఇది పక్క గుమ్మం. అక్కడి తెలుగు దళితుల మీద ఒక థీసిస్, బాంబూఫ్లాట్ బడికి ఒక పెట్టెడు పుస్తకాలు, రెండూ మన చేతుల్లో ఉన్న పనులే.

అంబేద్కర్ విద్యార్థిగా ఒక పరీక్ష పాసైనప్పుడు జరిగిన సభలో, కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే టీచరు తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను ఆయన చేతిలో పెట్టారు. ఆ ఒక్క పుస్తకం ఎక్కడి దాకా నడిపించిందో 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చూశాం. మరో సంగతి కూడా ఉంది. 1917లో ఆయన విదేశాల నుంచి తిరిగి వస్తున్నప్పుడు, విడిగా పంపిన ఆయన పుస్తకాలున్న ఓడ టార్పెడో దెబ్బకు మునిగిపోయింది. ఆయన మళ్లీ కొనడం మొదలుపెట్టారు, చివరికి పుస్తకాల కోసమే దాదర్‌లో రాజగృహ కట్టుకున్నారు. యుద్ధకాలపు సముద్రం ఆయన పుస్తకాలను మింగింది. చాథమ్, బాంబూఫ్లాట్ మధ్య ఉన్నది అలాంటి సముద్రం కాదు. అక్కడికి పుస్తకం చేరకపోతే ఆ తప్పు నీళ్లది కాదు.

జై భీమ్.